రేకుల షెడ్ల పిల్లలకు అంగన్‌వాడీ: నా అనుభవం

హైదరాబాదులో నానక్‌రామ్‌గూడ వైపు కొత్త భవనాలు లేస్తున్న చోట దాదాపు ప్రతి నిర్మాణం వెనుకా ఒక రేకుల షెడ్ల వరుస కనిపిస్తుంది. సైట్‌లో పని ఉన్నన్నాళ్ళు ఆ షెడ్లు ఉంటాయి. పని ముగియగానే రేకులు విప్పి లారీకెత్తి మరో సైట్‌కు తీసుకుపోతారు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన తరువాత నేను కొడుకూ కోడలి దగ్గరికి ఈ ప్రాంతానికి వచ్చాను. మా అపార్ట్‌మెంట్ ప్రహరీకి అవతల ఉన్న అటువంటి వరుసలోని చిన్నపిల్లలకు అంగన్‌వాడీ సేవలు అందేలా చూడడానికి, అక్కడి తల్లులతో కలిసి 2023 వేసవి నుంచి ఏడాదికి పైగా చేసిన ప్రయత్నాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇటువంటి పని తలపెట్టే వారికి ఏ కాగితం ఎక్కడ అవసరపడుతుందో, ఏ కాగితమూ అక్కరకు రాని చోటు ఏదో ముందుగా తెలిస్తే కొంత శ్రమ తప్పుతుందని నా ఉద్దేశం.

షెడ్లలో ఉండేవారిలో సగం మంది పాలమూరు జిల్లా పల్లెల నుంచీ దేవరకొండ వైపు తండాల నుంచీ వచ్చినవారు. తక్కినవారు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కుటుంబాలు. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే పనిలోకి దిగుతారు కనుక, ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్న ఆడపిల్ల చంకలో చంటిదాన్ని పెట్టుకుని రోజంతా షెడ్డు నీడలో కూర్చుంటుంది. ఆ పెద్దపిల్ల బడికి పోదు, చంటిదానికి వేళకు తిండి పడదు. ఒక్క ఏర్పాటు లేకపోవడం వల్ల ఇద్దరు పిల్లల బాల్యం నష్టపోతోంది. మా అపార్ట్‌మెంట్ సంఘం వారు పండుగలకు పాత బట్టలు, బిస్కెట్ పొట్లాలు పంచేవారు. ఇచ్చేవారి మంచి మనసును నేను తక్కువ చేయడం లేదు గాని, మర్నాడు పొద్దున ఆ పిల్లకు గుడ్డు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆ పొట్లాలలో జవాబు లేదు. జవాబు చట్టంలో ఉంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలందరికీ వయసుకు తగిన ఆహారం అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా అందాలి. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, పదహారు గుడ్లు ఇస్తారు. మూడేళ్ళు నిండినవారికి కేంద్రంలోనే భోజనం, గుడ్డు పెడతారు.

మరి ఈ పిల్లలకు ఎందుకు అందలేదంటే, వారు ఎవరి జాబితాలోనూ లేరు. అంగన్‌వాడీ టీచర్ తన పరిధిలోని ఇళ్ళను సర్వే చేసి గర్భిణులు, బాలింతలు, ఆరేళ్ళలోపు పిల్లల పేర్లు నమోదు చేస్తుంది. నమోదైన సంఖ్యను బట్టే పై నుంచి సరుకు వస్తుంది. మాకు దగ్గరలో ఉన్న కేంద్రం పెద్ద రోడ్డుకు అవతలి పక్కన, పాత ఊరి ఇళ్ళ మధ్య ఉంది. దాని హద్దులు ఈ భవనాలేవీ లేని కాలంలో గీసినవి. ఆ టీచర్ తన పని తాను శ్రద్ధగానే చేస్తోంది. ఆమె సర్వే పుస్తకంలో రోడ్డుకు ఇవతలి భాగమే లేదు.

సుప్రీంకోర్టు తీర్పు సంగతి నాకు కార్మిక సంఘంలో పనిచేసే ఒక పాత విద్యార్థి చెప్పాడు. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ 2001లో వేసిన ఆహార హక్కు కేసులో, 2006 డిసెంబరు 13న కోర్టు ఒక స్పష్టమైన ఆదేశం ఇచ్చింది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం నలభై మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లె గాని మురికివాడ గాని కేంద్రం కావాలని అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలల లోపల ఏర్పాటు చేయాలి. ఈ ఆదేశం చేతికందిన తరువాత మా పని ఏమిటో తేలిపోయింది: నలభై మంది ఉన్నారని నిరూపించాలి.

లెక్క తీయడం విన్నంత సులువు కాదు. పుస్తకం పట్టుకుని వెళ్ళిన మొదటి సాయంత్రం ఎవరూ పేర్లు చెప్పలేదు. పేర్లు రాసుకున్న తరువాత షెడ్లు పీకేస్తారని కొందరి భయం. ఊళ్ళో రేషన్ కార్డు పోతుందని మరికొందరి భయం. "టీచరమ్మా, మేం గీడ ఆర్నెల్లుంటమో ఏడాదుంటమో, మా పేర్లు రాసుకొని ఏం జేస్తరు?" అని దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక నడివయసు లంబాడీ స్త్రీ నన్ను నిలదీసింది. సెంట్రింగ్ మేస్త్రీ తల్లి అయిన, అందరూ అవ్వ అని పిలిచే ఆమె మాట ఆ వరుసలో చెల్లుతుంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఊరిలో తన మనవడికి అంగన్‌వాడీలో ఏమేమి ఇచ్చేవారో ఆమె చేతనే చెప్పించాను. తరువాత పుస్తకం నా చేతిలో ఉన్నా సర్వే చేసింది ఆమే. ఏ షెడ్డులో ఎవరు కడుపుతో ఉన్నారు, ఎవరి పిల్ల ఊరికి పోయి ఉంది, ఎవరు సిగ్గుపడి చెప్పడం లేదు అన్నది ఆమెకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఒడియా కుటుంబాల దగ్గర మాత్రం ఆమెకూ భాష రాలేదు. హిందీ వచ్చిన ఒక ఛత్తీస్‌గఢ్ కోడలు మధ్యవర్తి అయింది.

వయసు తేల్చడం మరో చిక్కు. జనన ధ్రువపత్రం ఉన్న పిల్లలు తక్కువ. తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు ఉన్నవారికి తేదీ దొరికేది. లేనివారికి పండుగలే ఆధారం. ఒకడు బతుకమ్మకు నెల దినాల ముందు పుట్టాడు, ఒకతె లంబాడీల తీజ్ పండుగకు బుట్టలలో గోధుమ మొలకలు వేసిన వారంలో పుట్టింది. లాక్‌డౌన్‌లో ఊరికి నడిచిపోయినప్పుడు కడుపులో ఉన్నదని తల్లి చెప్పిన పిల్లకు మూడేళ్ళకు అటూఇటూగా ఉంటుందని నిశ్చయంగా రాయగలిగాను, ఎందుకంటే 2020 మార్చి నెలాఖరు నాటి ఆ నడకను మరచిపోయిన కూలీ ఎవరూ లేరు. ఇలా పండుగ ఒక గడిలోనూ దానికి సరిపోయే నెల, సంవత్సరం పక్క గడిలోనూ రాసి పెట్టుకోవడం తరువాత చాలా పనికొచ్చింది. కార్యాలయంలో వయసుపై సందేహం వచ్చినప్పుడు మేము ఊహించి రాయలేదని చూపడానికి వీలు కలిగింది. జాబితా పూర్తయ్యేసరికి సంఖ్య నలభై దాటింది.

అర్జీని మొదట అంగన్‌వాడీలను పర్యవేక్షించే ప్రాజెక్టు కార్యాలయంలో, తరువాత కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాము. రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ 2022 నుంచి కొంగరకలాన్‌లో ఉంది. మా వైపు నుంచి ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని నగరాన్ని చాలా దూరం చుట్టి వెళ్ళాలి. ఒక రోజు కూలి వదులుకుని నాతో వచ్చిన ముగ్గురు తల్లులకు ఆ కూలి డబ్బును అపార్ట్‌మెంట్ సంఘం భరించింది. బట్టలు పంచే డబ్బును ఇందుకు వాడడం పట్ల సంఘంలో ఒకరిద్దరు సణిగారు, కాని నా దృష్టిలో ఆ ఏడాది సంఘం చేసిన ఖర్చులలో ఇంత సార్థకమైనది మరొకటి లేదు. అర్జీతో పాటు జాబితా ప్రతి, తల్లుల సంతకాలు, వేలిముద్రలు, కోర్టు ఆదేశం ప్రతి జతచేసి, అందినట్టు నంబరు తీసుకున్నాము. నంబరు లేని అర్జీ గురించి తరువాత ఎవరినీ ఏమీ అడగలేము.

వచ్చిన అభ్యంతరం ఊహించినదే: వీరు స్థిర నివాసులు కారు, ఈ రోజు ఉన్నవారు రేపు ఉండరు, తాత్కాలిక జనాభాకు శాశ్వత కేంద్రం ఎలా ఇస్తామని అడిగారు. ఆ ప్రశ్నలో అన్యాయం ఉంది గాని అర్థం లేకపోలేదు. కుటుంబాలు మారుతూ ఉంటాయి, కాని ఒక కుటుంబం ఖాళీ చేసిన షెడ్డులోకి మరో కుటుంబం వస్తుంది. పిల్లలు మారతారు, పిల్లల సంఖ్య ఇంచుమించు అలాగే ఉంటుంది. దీనిని రుజువు చేసే కాగితం మాకు అనుకోని చోట దొరికింది. ప్రతి పెద్ద నిర్మాణం వివరాలు, అది పూర్తి కావలసిన తేదీతో సహా, స్థిరాస్తి నిర్మాణాలను నియంత్రించే రెరా సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. సైట్ గేటు దగ్గరి బోర్డు మీది నంబరుతో మా కోడలు వెదికి ఆ పుటను అచ్చు తీసి ఇచ్చింది. పని ఇంకా కొన్నేళ్ళు నడుస్తుందని నిర్మాణ సంస్థే రాసి ఇచ్చిన తరువాత, తాత్కాలికమన్న మాట అంత గట్టిగా నిలబడలేదు.

అయినా కొత్త కేంద్రానికి పోస్టు మంజూరు కావాలి, గది కావాలి, బడ్జెటు కావాలి. అంతవరకు ఈ షెడ్లను రోడ్డుకు అవతలి కేంద్రం పరిధిలో కలుపుతామని అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ప్రతిపాదించింది. కొందరు ఒప్పుకోవద్దన్నారు, అసలు డిమాండు నీరుగారిపోతుందని. నేను ఒప్పుకున్నాను, ఆరు నెలల పిల్లకు తీర్పు అమలయ్యే దాకా ఆగే తీరిక ఉండదు. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నమోదుకు వచ్చేసరికి ఆధార్, ఫోను అనే రెండు ఆటంకాలు ఎదురయ్యాయి. పిల్లలకు ఆధార్ లేదని తల్లులు వెనకాడారు, కాని తల్లి ఆధార్ మీద బిడ్డకు సేవలు ఇవ్వవచ్చు. ఈ విషయం కేంద్ర ప్రభుత్వమే స్పష్టం చేసింది. ఆధార్‌లో వేరే రాష్ట్రం చిరునామా ఉన్నా అడ్డు కాదు. కొందరు పిల్లల పేర్లు సొంత ఊరి కేంద్రంలో అప్పటికే అంగన్‌వాడీ నమోదులు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఉన్నాయి. అటువంటి వారిని కొత్తగా నమోదు చేయకుండా ఇక్కడి కేంద్రానికి మార్చుకోవాలి. ఫోను సంగతి ఇంకొక తీరు. ఇంటికి ఒకటే ఫోను, అది భర్త జేబులో తొమ్మిదో అంతస్తులో ఉంటుంది, నమోదు వేళకు వచ్చే ఓటీపీ అతనికి చేరుతుంది. చివరకు ఆదివారం పూట, మగవారు షెడ్లలో ఉండే రోజున, టీచర్ తన సెలవు వదులుకుని వచ్చి నమోదు పూర్తి చేసింది. దీనికి ఆమెకు అదనంగా వచ్చేది ఏమీ లేదని ప్రత్యేకంగా రాయాలి.

పేర్లు ఎక్కాయి, సరుకు వచ్చింది, కాని తినేవారు కేంద్రానికి చేరాలి. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికీ బాలింతకూ మధ్యాహ్నం ఒక పూర్తి భోజనం, గుడ్డు, రెండు వందల మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. వాటిని కేంద్రంలోనే కూర్చుని తినాలన్నది నియమం. ఇంటికిస్తే ఆ పళ్ళెం అందరికీ పంచి చివరకు తాను గంజి తాగే తల్లిని చూసినవారికి ఆ నియమం ఎంత సరైనదో తెలుస్తుంది. అయితే పార పని చేసే గర్భిణి రోడ్డు దాటి పోయి తిని రావాలంటే పూట కూలి తెగుతుంది. లంబాడీ అవ్వ, నేను కలిసి సైట్ ఇంజినీరును కలిశాము. కడుపుతో ఉన్నవారిని భోజన విరామానికి కొంచెం ముందుగా వదలడానికి, ఆ సమయానికి కూలి కోయకుండా ఉండడానికి అతను ఒప్పుకున్నాడు. కేంద్రంలో ఆయమ్మ వారి కోసం అన్నం వేడిగా ఉంచేది. రోడ్డు దాటించడం మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య పని. మూడేళ్ళు దాటిన పిల్లలను కూడా ఆమే పొద్దున వరుసగా నడిపించుకుపోయేది.

బాలామృతం విషయంలో ఒక తమాషా జరిగింది. రోజుకు వంద గ్రాముల చొప్పున ఇరవై ఐదు రోజులకు సరిపోయే పొట్లం షెడ్డుకు చేరిన నాలుగు రోజులకే ఖాళీ అయ్యేది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర కలిసిన పొడి అన్నగారికీ నచ్చుతుంది, నాన్నగారికీ నచ్చుతుంది. ఒక తండ్రి దానితో లడ్డూలు చేయించుకుని డబ్బాలో పెట్టుకుని పనికి పోయాడు. తల్లులను తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఆకలి అందరికీ ఉంది. దీనికి మార్గం తరువాత పిల్లలను పగటిపూట చూసుకునే శిశుగృహం పెట్టినప్పుడు దానంతట అదే దొరికింది.

ఆశా కార్యకర్త, ఆరోగ్య శాఖ నర్సు అయిన ఏఎన్‌ఎం వచ్చి పిల్లల బరువు, ఎత్తు, జబ్బ చుట్టుకొలత తీసిన రోజున మాకు అసలు పరిస్థితి అర్థమైంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లకు జబ్బ కొలత పట్టీ మీద పన్నెండున్నర సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, పదకొండున్నరకు పైన ఉంటే పసుపు, అంతకు తగ్గితే ఎరుపు. పసుపులో చాలామంది ఉన్నారు. వారికి మామూలు పొడి కంటే ఎక్కువ శక్తినిచ్చే బాలామృతం ప్లస్ రాశారు. ఎరుపులో ఉన్న పిల్లలలో ఒకతెకు జ్వరం, విరేచనాలు కూడా ఉన్నాయి. పెట్టినది తినడం లేదు. అటువంటి పిల్లకు ఇంటి దగ్గరి ఆహారం చాలదు, ఆసుపత్రిలో చేర్చాలి. నీలోఫర్ ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి రాసి ఇచ్చారు.

తల్లి ససేమిరా అంది. ఆమె నిరాకరణకు మూఢత్వం అని పేరు పెట్టడం తేలిక, కాని ఆమె చెప్పిన కారణాలలో ఒక్కటీ తోసివేయదగ్గది కాదు: రెండు వారాలు అక్కడే ఉండాలి, ఇంకో ఇద్దరు పిల్లలు షెడ్డులో ఉన్నారు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరలేదు, తను రాకపోతే ఆ స్థానంలో మరొకరిని పెట్టుకుంటాడు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు తల్లికి భోజనంతో పాటు పోయిన కూలికి బదులుగా రోజుకు కొంత సొమ్ము ఇస్తారని చెప్పినా ఆమె ముఖంలో మార్పు లేదు. ఆ రాత్రి అవ్వ షెడ్ల స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడింది. ఇద్దరు పిల్లలకు అన్నం పక్క షెడ్డువారు పెట్టేటట్టు, అడ్వాన్సు గురించి అవ్వ కొడుకు మేస్త్రీతో మాట్లాడేటట్టు, ఆసుపత్రికి మొదటి రోజు తోడు నేను పోయేటట్టు తేల్చారు. "నువ్వు పో బిడ్డా, పోరగాండ్ల సంగతి మేం జూస్తం" అన్న మాట మా అందరి కౌన్సెలింగ్ కంటే బలంగా పనిచేసింది.

అక్కడ వైద్యం నిదానంగా మొదలవుతుంది. బాగా చిక్కిన బిడ్డకు ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మొదట పలుచని ప్రత్యేకమైన పాలను కొద్ది కొద్దిగా, రాత్రింబవళ్ళు, రెండు మూడు గంటలకోసారి పడతారు. ఇన్‌ఫెక్షన్‌కు మందులు వేస్తారు. ఆకలి తిరిగి వచ్చిన తరువాత బలమైన పాలకు, ఆపైన ఇంటి తిండికి మారుస్తారు. తల్లిని పక్కన ఉంచుకునేది కాపలాకు మాత్రమే కాదు, పప్పు, నూనె, గుడ్డు కలిపి చిక్కగా వండి ఎలా తినిపించాలో అక్కడే నేర్పుతారు. ఇంటికి పంపిన తరువాత కూడా పదిహేను రోజులకోసారి రెండు నెలల పాటు చూపించుకోవాలి. ఆ తిరుగుళ్ళు ఎగ్గొట్టే కుటుంబాలు ఎక్కువ, ఎందుకంటే బిడ్డ ముఖం కళకళలాడుతుంటే ఒక రోజు కూలి వదులుకోవడానికి మనసొప్పదు. ఆ పిల్ల విషయంలో ఎవరి వంతు ఎప్పుడో అవ్వ ముందే నిర్ణయించింది. తల్లి పోలేని రోజున పెద్దమ్మ వరస అయ్యే ఒకామె తీసుకుపోయింది. పిల్ల జబ్బ కొలత పసుపులోకి, కొన్ని నెలలకు ఆకుపచ్చలోకి వచ్చింది.

ఈ అనుభవం తరువాత పగటిపూట పిల్లలను చూసే మనిషి లేకపోతే అంగన్‌వాడీ ఇచ్చే ప్రతి సేవా సగంలో ఆగుతుందని తల్లులకే తోచింది. అప్పటికి అమలులో ఉన్న భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం, యాభై మందికి మించి స్త్రీలు మామూలుగా పనిచేసే చోట వారి ఆరేళ్ళలోపు పిల్లలకు తగిన గది ఏర్పాటు చేయవలసి ఉండేది. సంస్థ ప్రతినిధి దగ్గర ఈ మాట ఎత్తితే, తమ రికార్డులో అంతమంది స్త్రీలు లేరన్నాడు. స్త్రీలు ఉన్నారు, అయితే ఒక్కొక్క మేస్త్రీ కింద పది, పదిహేను మంది చొప్పున విడివిడిగా రాసి ఉన్నారు. చట్టం ఉపగుత్తేదారుల వారీగా లెక్కపెట్టమనలేదు, పనిచేసే చోటును లెక్కలోకి తీసుకోమంది. మా జాబితా మళ్ళీ అక్కరకు వచ్చింది: పిల్లల తల్లుల పేర్లకు, పిల్లలు లేని స్త్రీల పేర్లు కలిపితే మొత్తం యాభై దాటింది. కార్మిక శాఖకు రాయబోతున్నామని చెప్పి, రాయకముందే మరొకసారి మాట్లాడదామని అడిగాము. సైట్ కార్యాలయం పక్కన సిమెంటు బస్తాలు పెట్టే గదిని ఖాళీ చేసి, సున్నం వేసి, ఫ్యాను, నీళ్ళ డ్రమ్ము ఇచ్చారు. ఇద్దరు పెద్ద వయసు స్త్రీలను పిల్లలను చూడడానికి పెట్టి, వారి కూలిని సంస్థే ఇచ్చేటట్టు తేల్చుకున్నాము. కొంత బేరం లేకుండా ఇది కాలేదు. గోడకు కిటికీ తెరిపించడానికే చాలా మాట్లాడవలసి వచ్చింది.

ఆ గది వచ్చాక బాలామృతం పొట్లాలను తల్లులు తామే అక్కడికి తెచ్చి పెట్టడం మొదలుపెట్టారు. అవ్వ వేడినీళ్ళలో కలిపి గిన్నెలలో పోసి పెడుతుంది. అన్నలకు వాటా లేదు. ఆరు నెలల లోపు బిడ్డలున్న తల్లులు పని మధ్యలో వచ్చి పాలిచ్చి పోగలుగుతున్నారు. టీకాల రోజులైన బుధ, శనివారాలలో ఏఎన్‌ఎం ఒక్కచోటే పిల్లలందరినీ చూడగలుగుతోంది. చంటిపిల్లల కాపలా తప్పిన ఆడపిల్లలలో నలుగురిని దగ్గరి ప్రాథమిక పాఠశాలలో చేర్చాము. వారిలో ఇద్దరే నిలిచారు, మిగిలిన ఇద్దరు ఇప్పుడు వంటపనిలో తల్లికి సాయం చేస్తున్నారు. కొత్త కేంద్రం ఇంకా మంజూరు కాలేదు, అర్జీ నంబరు చూపించి అడుగుతూనే ఉన్నాము.

ఈ మధ్య ఒక టవరు పని పూర్తయి కొన్ని కుటుంబాలు కొల్లూరు వైపు సైట్లకు కదిలాయి. అందుకని కదిలే ప్రతి తల్లికీ ఒక ప్లాస్టిక్ సంచి ఇస్తున్నాము: ఆరోగ్య కార్డు, ఆధార్ నకలు, ఆఖరుసారి తీసిన బరువు, జబ్బ కొలత రాసిన కాగితం, ఇక్కడి కేంద్రం పేరు, అక్కడ దిగగానే టీచర్‌తో ఏమని చెప్పాలో తెలుగులోనూ హిందీలోనూ రాసిన రెండు వాక్యాలు అందులో ఉంటాయి. చదవడం రానివారి కోసం అవ్వ ఆ రెండు వాక్యాలను వారి చేత నోటికి చెప్పించి పంపుతోంది.